చెక్ భాషలో "స్కజిత్" అంటే ఇంగ్లీష్‌లో ఏమని రాయాలి? స్పాయిలా, రూయినా, కరప్టా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండి. మీరు హైదరాబాద్ నుంచి ఒక చెక్ కస్టమర్ కంప్లైంట్లు చూస్తున్నారు, వాళ్ళు పంపిన ఒకే లెటర్‌లో స్కజిత్ అనే క్రియ మూడు చోట్ల వచ్చింది, ట్రాన్స్‌లేషన్ టూల్‌లో వేస్తే ఒక చోట స్పాయిల్, ఒక చోట రూయిన్, చీజ్ దగ్గర మాత్రం కరప్ట్ అని ఇచ్చింది, మేనేజర్ "చీజ్ కరప్ట్ అవ్వడమేంటి" అని అడిగాడు, ఇప్పుడు అసలు అర్థం ఏదో ఒకటి చెప్పమంటున్నారు.

సూటిగా చెప్తా. ఒక్క ఇంగ్లీష్ మాట లేదు. ఏది పాడైందో చూసి మాట ఎంచుకోవాలి. తినే వస్తువైతే స్పాయిల్ లేదా గో బ్యాడ్. పార్టీ, సాయంత్రం, ట్రిప్పు, మూడ్ లాంటివైతే రూయిన్ లేదా స్పాయిల్. చేసే పని, పరీక్ష అయితే మెస్ అప్, బాచ్. మనిషి నడవడిక అయితేనే కరప్ట్. పన్నైతే డికే, కడుపైతే అప్‌సెట్. మీ లెటర్‌లో చీజ్ దగ్గర కరప్ట్ తప్పు, అక్కడ "ద గూడ్స్ స్పాయిల్డ్" అని రాయండి చాలు.

ఇంక కారణాలు, ఇక్కడ కొంచెం పొడుగు అవుతుంది. నేను పద్నాలుగేళ్ళుగా చెక్ దేశంలోని బ్రనో నగరంలో ఉంటున్నా, చెక్ నుంచి ఇంగ్లీష్‌కి కంప్లైంట్ లెటర్లు, రవాణా కాగితాలు, మాన్యువల్స్ అనువాదం చేయడమే నా పని, కాబట్టి ఈ క్రియ వారానికి నాలుగైదు సార్లైనా తగులుతుంది.

ముందు పలకడం. రాతలో మొదటి అక్షరం జెడ్, కానీ దాని పక్కన క ఉంది కాబట్టి పలికేటప్పుడు అది స అయిపోతుంది, అందుకే స్కజిత్ అని రాస్తున్నా. మధ్యలో జ మాత్రం "జడ"లో జ లాగా పలకాలి, "జింక"లో జ కాదు. ఊనిక మొదటి అక్షరం మీద. దీని మూలం కజిత్. కజిత్ అంటే పాడుచేస్తూ ఉండటం, స్కజిత్ అంటే పాడుచేసి ఊరుకోవడం, అంటే పని పూర్తయిపోయింది. చెక్‌లో దాదాపు ప్రతి క్రియకీ ఇలా జంట ఉంటుంది. "కజీష్ తొ" అంటే నువ్వు పాడుచేస్తున్నావు, ఇంకా ఆపే టైముంది. "స్కజిల్ తొ" అంటే పాడుచేశాడు, ఐపోయింది. ఇంకో సంగతి, స్కజీమ్ అని వర్తమానం లాగా కనిపించే రూపం నిజానికి భవిష్యత్తు, "పాడుచేస్తాను" అని. కొత్తవాళ్ళు దీన్ని "ఐ యామ్ రూయినింగ్" అని రాసేస్తారు, అది "ఐ విల్ రూయిన్".

ఇప్పుడు నేను నిజంగా చెప్పాలనుకున్న మాట. మీరు చెక్ నుంచి నేరుగా ఇంగ్లీష్‌కి దూకకండి, ముందు తెలుగులో అనుకోండి. ఎందుకంటే ఇంగ్లీష్‌లో స్పాయిల్ అనే ఒక్క మాట మూడు పనులు చేస్తుంది, మనకీ చెక్ వాళ్ళకీ ఆ మూడూ విడివిడిగా ఉన్నాయి. చూడండి:

స్కజిత్ – పాడుచేయడం
స్కజిత్ సె – పాడైపోవడం
స్కజిత్ సి – పాడుచేసుకోవడం

ఆ సె, సి అనే చిన్న ముక్కలకి ఇంగ్లీష్‌లో ఏమీ ఉండదు, అందుకే ఇంగ్లీష్ మీద చెక్ నేర్చుకునేవాళ్ళు నెలల తరబడి కొట్టుకుంటారు. మనకి పుట్టుకతోనే ఉంది. "పాలు పాడైపోయాయి" అని మనం అంటాం, ఎవరు పాడుచేశారని ఎవరూ అడగరు, అదే "మ్లేకొ సె స్కజిలొ". "కడుపు పాడుచేసుకున్నాడు" అంటాం, తనది తనే, అదే "స్కజిల్ సి ఝలుదెక్". మా ఎదురింటి బామ్మగారు మనవడు చీకట్లో ఫోన్ చూస్తుంటే "కజీష్ సి ఒచి" అని అరుస్తుంది, అంటే "కళ్ళు పాడుచేసుకుంటున్నావు", అచ్చం మా అమ్మమ్మ మాటే! మొదటిసారి విన్నప్పుడు నాకు అనువాదమే అవసరం పడలేదు. ఈ ముగ్గురు అన్నదమ్ముల్ని గుర్తుపెట్టుకుంటే సగం తప్పులు రావు.

మీ లెటర్‌లో ఆ మూడూ ఉన్నాయి, మీరు పెట్టిన వాక్యాలే తీసుకుంటా.

మొదటిది, "జ్బొఝీ సె స్కజిలొ". సరుకు పాడైపోయింది. సె ఉంది, తినే సరుకు, కాబట్టి స్పాయిల్డ్ లేదా వెంట్ బ్యాడ్. కస్టమర్ బ్రిటన్ వైపు ఇంగ్లీష్ వాడేవాళ్ళైతే వెంట్ ఆఫ్ అని కూడా అంటారు, కానీ ఆఫీస్ కాగితంలో, అమెరికన్ టీమ్ చదివేదైతే అది వద్దు, వాళ్ళకి అది వెంటనే తట్టదు.

రెండోది, "స్కజిలి స్తె నామ్ ఒస్లవు". మా వేడుక పాడుచేశారు. ఇక్కడ రూయిన్డ్ అవర్ సెలబ్రేషన్ సరైనది. స్పాయిల్డ్ కూడా తప్పు కాదు, కొంచెం మెత్తగా ఉంటుంది.

మూడోది, "స్కజిలి స్తె సి ఉ నాస్ పొవ్యెస్త్". మా దగ్గర మీ పేరు మీరే పాడుచేసుకున్నారు. సి చూడండి. దీనికి "యూ హావ్ డ్యామేజ్డ్ యువర్ రెప్యుటేషన్ విత్ అజ్" అని రాయండి. పేరు పక్కన ఇంగ్లీష్‌లో స్పాయిల్ నప్పదు. "పేరు చెడగొట్టుకున్నారు" అని తెలుగులో ఎంత హాయిగా ఉందో చూడండి, కానీ ఇంగ్లీష్ వాళ్ళు పేరుకి డ్యామేజ్ లేదా రూయిన్ అనే అంటారు.

రూయిన్, స్పాయిల్ మధ్య తేడా గురించి కాస్త ఆగాలి. స్కజిత్‌లో ఎంత పాడైంది అనే కొలత లేదు. కొంచెం మజా పోయినా స్కజిత్తే, మొత్తం నాశనమైనా స్కజిత్తే, కొలత పక్క మాటల్లో ఉంటుంది, "ఊప్ల్‌న్యె" అంటే పూర్తిగా, "త్రొఖు" అంటే కాస్త. ఇంగ్లీష్‌లో అలా కాదు, రూయిన్ అంటే ఇంక ఏమీ మిగల్లేదు అని. కాబట్టి కోపంగా లేని లెటర్‌లో రూయిన్ రాస్తే మీరు లేని కోపం పుట్టిస్తారు. నిజంగా ధ్వంసం అని చెప్పాలనుకున్న చెక్ మనిషి జ్నిచిత్ అంటాడు, అది డిస్ట్రాయ్. డబ్బు పరంగా దివాలా తీయించాడు అంటే జ్రుయినొవత్ ఉంది, ఇంగ్లీష్ రూయిన్‌కి దూరపు చుట్టమే.

ఇప్పుడు నా చేతులు కాలిన సంగతి. పని మొదలుపెట్టిన రెండో ఏడు అనుకుంటా, ఒక ఫుడ్ డిస్ట్రిబ్యూటర్ రాసిన క్లెయిమ్ ఇచ్చారు, అందులో "స్కఝెనే జ్బొఝీ" అని ఉంది (ఝ అని రాస్తున్నా గానీ, ఇంగ్లీష్ వాళ్ళు టెలివిజన్ అనేటప్పుడు మధ్యలో వచ్చే శబ్దం అది). పాడైన సరుకు. నేను రాత్రి పదకొండింటికి, డెడ్‌లైన్ మీద, దాన్ని డ్యామేజ్డ్ గూడ్స్ అని రాసి పంపేశా. చూడ్డానికి తప్పేముంది అనిపిస్తుంది. కానీ ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళు ఆ మాట చూసి డబ్బాల ఫోటోలు తీశారు, ఒక్క సొట్ట లేదు, ఒక్క చిరుగు లేదు, "మా వల్ల డ్యామేజ్ ఏమీ జరగలేదు" అని తిరిగి రాశారు. నిజానికి జరిగింది ఏంటంటే లారీలో కూలింగ్ కొన్ని గంటలు పనిచేయలేదు, చీజ్ లోపల పాడైంది, డబ్బా మాత్రం కొత్త పెళ్ళికూతురిలా ఉంది. స్పాయిల్డ్ అని రాసుంటే వాళ్ళు మొదట అడిగేది టెంపరేచర్ రికార్డు. డ్యామేజ్డ్ అని రాసినందుకు అడిగింది డబ్బా ఫోటో. ఒక్క మాట వల్ల మూడు వారాలు ఉత్తరాలు తిరిగాయి, ఆ క్లయింట్‌కి నేనే ఫోన్ చేసి తప్పు నాదని చెప్పుకున్నా. అప్పట్నుంచి చెక్ కాగితంలో పొష్కొజెనీ అంటే డ్యామేజ్డ్, స్కఝెనీ అంటే స్పాయిల్డ్ అని నా టేబుల్ మీద చీటీ అంటించుకున్నా, ఇప్పటికీ ఉంది. మీది కూడా ఫుడ్ కంప్లైంటే కాబట్టి ఇది బాగా చూసుకోండి.

ఫుడ్ మాట వచ్చింది కాబట్టి ఇదే కుటుంబంలోది ఇంకోటి. స్కాజ అనే నామవాచకం ఉంది, ఒంటరిగా వస్తే వినాశనం అని అర్థం, 1912లో టైటానిక్ మునగడాన్ని చెక్ వాళ్ళు "స్కాజ తితనికు" అంటారు. అదే మాట రవాణా కాగితంలో "జ్బొఝీ పొద్లేహయీత్సీ స్కాజె" అని వస్తుంది. మాటకి మాట వేస్తే "వినాశనానికి లొంగే సరుకు" అని భయంకరంగా ఉంటుంది, అది మామూలుగా పెరిషబుల్ గూడ్స్. త్వరగా పాడయ్యే సరుకు, అంతే. ప్యాకెట్ మీద "స్పొత్ర్షెబుయ్తె దొ" అని ఉంటే యూజ్ బై, "మినిమాల్నీ త్ర్వన్లివొస్త్ దొ" అని ఉంటే బెస్ట్ బిఫోర్. ఈ రెండూ వేరు, మొదటి తేదీ దాటితే తినకూడదు, రెండోది దాటితే రుచి తగ్గొచ్చు అంతే. మీ కస్టమర్ ఏ తేదీ గురించి మాట్లాడుతున్నాడో లెటర్‌లో చూడండి, దాన్ని బట్టి మీ జవాబు మారిపోతుంది.

పాడవడం ఎలా జరిగిందో తెలిస్తే చెక్ వాళ్ళు స్కజిత్ సె వదిలేసి ఇంకా కచ్చితమైన మాట వాడతారు, మనం పాలు విరిగాయి, అన్నం పాచిపోయింది, పప్పు పులిసింది, నూనె కంపు కొడుతోంది అని విడివిడిగా అన్నట్టే. పాలు పులిస్తే స్కిస్నౌత్, వెన్న కమురు వాసన వస్తే ఝ్లుక్నౌత్, పండు కుళ్ళితే హ్నీత్. ఇంగ్లీష్‌లో వీటికి గో సవర్, గో ర్యాన్సిడ్, రాట్. ఇవన్నీ కలిపి స్పాయిల్ అని రాసేయకండి, క్లెయిమ్‌లో ఆ వివరమే డబ్బు.

కరప్ట్ ఎక్కడ సరైనది అంటే, మనిషిని చెడగొట్టినప్పుడు. సోక్రటీస్ మీద క్రీ.పూ. 399లో పెట్టిన నేరాల్లో ఒకటి యువకుల్ని చెడగొడుతున్నాడు అని, చెక్‌లో దాన్ని "కజీ మ్లాదెష్" అంటారు, ఇంగ్లీష్‌లో కరప్టింగ్ ద యూత్. ఆ మాట ఇప్పుడు సరదాగా కూడా వాడతారు, కుర్రాడికి మొదటి బీరు పోసే మామయ్యని "మ్లాదెష్‌ని కజిత్ చేస్తున్నావు" అంటారు. మన "తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచింది"లో చెరచడం ఉంది చూశారా, అది ఈ కజిత్. కానీ లంచం తినే ఆఫీసరుని ఇంగ్లీష్‌లో కరప్ట్ అంటాం కదా అని చెక్‌లో స్కఝెనీ అనకండి, అతను స్కొరుంపొవనీ. కంప్యూటర్‌లో ఫైల్ కరప్ట్ అయితే అది పొష్కొజెనీ. ఒక ఇంగ్లీష్ మాట చెక్‌లో మూడు ముక్కలైంది, మీ టూల్ ఈ దారిలోనే ఎక్కడో జారిపడింది అనుకుంటా.

అన్నిటికన్నా పెద్ద గొయ్యి పిల్లల దగ్గర ఉంది. ఇంగ్లీష్‌లో స్పాయిల్డ్ చైల్డ్ అంటే గారాబం ఎక్కువైన పిల్లాడు. చెక్‌లో దానికి స్కజిత్ కాదు, రొజ్మజ్లిత్ అనే వేరే క్రియ ఉంది, గారాబు పిల్లాడు రొజ్మజ్లెనీ. నేను వచ్చిన కొత్తలో ఇందాక చెప్పిన ఎదురింటి బామ్మగారే మనవడికి భోజనం ముందు చాక్లెట్ పెడుతుంటే, చనువుగా నవ్వుతూ "కజీతె హొ" అన్నా. నా బుర్రలో ఉన్నది "ముద్దు చేసి చెడగొడుతున్నారండీ" అని. ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది, చాక్లెట్ కాగితం సగం విప్పి ఉంది, మొహం మాడిపోయింది. ఆవిడకి వినిపించింది "మీరు ఈ పిల్లాడికి చెడు నేర్పిస్తున్నారు" అని. నాలుగు క్షణాల తర్వాత ఆవిడే అర్థం చేసుకుని, వేలు చూపిస్తూ, టీచర్ లాగా విడదీసి చెప్పింది: "నెకజీమ్. రొజ్మజ్లుయు." చెడగొట్టట్లేదు, గారాబం చేస్తున్నా. నాకు ఆ రెండు మాటలకి మించిన పాఠం ఏ క్లాసులోనూ దొరకలేదు. ఇందాక తెలుగులో అనుకోమని చెప్పాను కదా, ఇక్కడ మాత్రం తెలుగు కూడా మోసం చేస్తుంది, మనకి చెడగొట్టడం రెండు వైపులా వాడుకలో ఉంది, కాబట్టి పిల్లల విషయంలో "గారాబం" అనే మాట తట్టిందా లేదా అని చూసుకోండి, తడితే రొజ్మజ్లిత్.

ఇంక మిగతావి త్వరగా చెప్పేస్తా, మీ పనిలో ఎప్పుడో ఒకప్పుడు తగులుతాయి.

పన్ను: పుచ్చిన పన్ను స్కఝెనీ జుప్, ఇంగ్లీష్‌లో డికేడ్ టూత్, స్పాయిల్డ్ టూత్ అనకూడదు. ఆ పుచ్చు పేరు జుబ్నీ కస్, అదే ధాతువు. గాలి: కిటికీలు వేసున్న గదిలో స్కఝెనీ వ్జ్దుఖ్, స్టేల్ ఎయిర్. వాతావరణం: "పొచసీ సె కజీ", ద వెదర్ ఈజ్ టర్నింగ్. ఆట: వాలీబాల్‌లో సర్వీస్ నెట్‌కి కొడితే "స్కజిల్ పొదానీ", ఇది మిస్డ్ సర్వ్ లేదా సర్వీస్ ఎర్రర్, రూయిన్డ్ ద సర్వ్ అని ఎవరూ అనరు. పరీక్ష: "స్కజిల్ పీసెంకు", మెస్డ్ అప్ ద టెస్ట్, ఫెయిల్ అయ్యాడని మాత్రం అర్థం కాదు, బాగా రాయలేదని, ఫలితం ఇంకా రాకపోయినా ఇలాగే అంటారు.

"నెఖ్ట్సి కజిత్ జాబవు, అలె..." అని మీటింగ్‌లో ఎవరైనా మొదలుపెడితే జాగ్రత్తగా వినండి, తర్వాత వచ్చేది కచ్చితంగా చెడ్డ వార్తే. "అందరి ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం నాకిష్టం లేదు గానీ" అని. ఇంగ్లీష్‌లో "ఐ డోంట్ వాంట్ టు బి ఎ స్పాయిల్‌స్పోర్ట్, బట్". ఏది ముట్టుకున్నా పాడుచేసే మనిషికి కజిస్వ్యెత్ అని ముచ్చటైన మాట ఉంది, విడదీస్తే లోకాన్ని పాడుచేసేవాడు. వంటవాళ్ళు ఎక్కువైతే ఇంగ్లీష్‌లో సూప్ స్పాయిల్ అవుతుంది, చెక్ సామెతలో మాత్రం కజిత్ లేదు, వాళ్ళకి "ప్ర్షెసొలీ పొలేఫ్కు", సూప్‌లో ఉప్పు ఎక్కువేస్తారు. నాకైతే ఇదే నచ్చింది, ఏం జరిగిందో కంటికి కనిపిస్తుంది.

ముందు ఉపసర్గ మారితే అర్థం ఎటో పోతుంది, ఇది చూసుకోండి. పొకజిత్ కూడా పాడుచేయడమే, కానీ వ్యవహారం చెడటం వైపు మొగ్గుతుంది, వెబ్‌సైట్ ఆగిపోతే తెరమీద "న్యెత్సొ సె పొకజిలొ" అని వస్తుంది, అది సంథింగ్ వెంట్ రాంగ్. ప్ర్షెకజిత్ అంటే ఎవరి ప్లానైనా చెడగొట్టి ఆపేయడం, ఫాయిల్ లేదా థ్వార్ట్, దొంగతనం ప్ర్షెకజిత్ చేసిన పోలీసు మంచివాడే. నకజిత్ అంటే జబ్బు అంటించడం, ఇన్‌ఫెక్ట్. ఈ మూడోదాన్ని స్పాయిల్ అని రాశారో, ఫుడ్ కంప్లైంట్‌లో పెద్ద గొడవే. దీనికి తోడు కాజత్ అనే వేరే క్రియ ఉంది, దీర్ఘం తేడా, దాన్నుంచి వచ్చిన జకాజత్ అంటే నిషేధించడం, పాడవడానికీ దానికీ సంబంధం లేదు. రష్యాలో చదువుకున్నవాళ్ళు మీ టీమ్‌లో ఉంటే వాళ్ళకి ఇస్కజీత్ గుర్తొస్తుంది, అది వక్రీకరించడం, డిస్టార్ట్, దాన్ని ఇక్కడికి మోసుకురావద్దని చెప్పండి.

అనుమానం వస్తే నేను చేసేది: ప్రాగ్‌లోని చార్లెస్ యూనివర్సిటీ వాళ్ళ చెక్ నేషనల్ కార్పస్‌లో (అంటే అసలైన రాతల పెద్ద సేకరణలో) త్రెక్ అని ఒక ఫ్రీ టూల్ ఉంది, చెక్ మాట వేస్తే నిజమైన అనువాదాల్లో దానికి ఏయే ఇంగ్లీష్ మాటలు ఎన్నిసార్లు వచ్చాయో చూపిస్తుంది. రూపాల మీద అనుమానమైతే చెక్ భాషా సంస్థ వాళ్ళ ఆన్‌లైన్ హ్యాండ్‌బుక్ చూస్తా. ఏ టూలైనా మాటకి మాట ఇస్తుందే గానీ మీ లారీలో కూలింగ్ ఆగిందా డబ్బా చిరిగిందా దానికి తెలీదు, అది మీరే లెటర్ మొత్తం చదివి తేల్చాలి.

చివరగా, జవాబు చెక్‌లో ఒక వాక్యమైనా పెడదామా అని అడిగారు. పెట్టండి, బాగుంటుంది. "మ్ర్జీ నాస్, ఝె య్స్మె వామ్ స్కజిలి ఒస్లవు." మీ వేడుక పాడుచేసినందుకు బాధగా ఉంది అని. చీజ్ సంగతి, తేదీలు, డబ్బు వాపసు అన్నీ ఇంగ్లీష్‌లోనే ఉంచండి, ఈ ఒక్క వాక్యం మాత్రం పైన, అన్నిటికన్నా ముందు పెట్టండి. టెంపరేచర్ రికార్డు మీ దగ్గర ఉంటే అదే మెయిల్‌కి జతచేయండి, వాళ్ళు అడిగేదాకా ఆగొద్దు.